ఆకుపచ్చ చొక్కా

"ఆ భూతద్దం నాకు వద్దన్నానుగా, మాయ్‌లిస్. మళ్లీ సంచిలో ఎందుకు పెట్టావు?"

"పెడితే నీకేం బరువా? మ్యాపు చూసుకోవడానికి దిక్సూచికి తగిలించుకునేదే. నీ ఈడువాళ్లంతా వాడుతున్నారు."

"వాళ్లు ముసలివాళ్లు."

"నువ్వేమో పెళ్లికొడుకువి. మలీన్, నువ్వైనా చెప్పవే మీ నాన్నకి."

నేను వంగి నా బూట్ల తాళ్లు కట్టుకున్నాను. ఇంటిదగ్గర మొదలైన ఈ వాదన అమ్మానాన్నలతోపాటు, కారు వెనక లాక్కొచ్చే మా చక్రాల ఇల్లు కారవానెక్కి ఈ మైదానం దాకా వచ్చింది. ఏటా జులై సెలవులు మాకిలాగే గడుస్తాయి. ఐదు రోజుల పోటీ. పొద్దున్నే మ్యాపూ దిక్సూచీ పట్టుకుని, ఎవరి వయసుకు నిర్ణయించిన దారిలో వాళ్లు అడవిలోకి పోయి జెండాలు వెతుక్కుని రావాలి. మధ్యాహ్నం తడి బూట్లు ఆరబెట్టుకుంటూ ఎవరెక్కడ తప్పిపోయారో చెప్పుకోవాలి. ఈసారి వచ్చిన దగ్గర్నుంచీ వాన. బూట్లు ఆరనేలేదు.

ఈ ఆటలో నాన్నది పెద్ద పేరు. వసంతంలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చి, "కాస్త మసక, అంతే" అన్నాడు. అంతకుమించి మాకెవరికీ తెలియదు.

ఆ రోజు కూడా భూతద్దం బల్లమీదే వదిలి వెళ్లాడు. చాలా ఆలస్యంగా వచ్చాడు. మోకాళ్లదాకా బురద. అమ్మ ఏమీ అడక్కుండా ఉడికిన బంగాళాదుంపలూ ఊరవేసిన చేపా వడ్డించింది. అప్పుడు నా కూతురు టూవా అడిగింది.

"తాతయ్యా, ఇవాళ నా వెనకాలే ఎందుకొచ్చావు?"

"నేనా? ఎక్కడ?"

"చిత్తడినేల దగ్గర్నుంచి పెద్దబండ దాకా. నేనాగితే నువ్వూ ఆగావు. చెయ్యి ఊపితే ఊపలేదు."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. పదకొండేళ్ల పిల్ల దారి వేరు, ఆయన దారి వేరు. ఆ బండ దగ్గర నాన్నకు జెండాయే లేదు. మా క్లబ్బు ఆకుపచ్చ చొక్కా ఒకటి కనిపిస్తే దాని వెంట పోయాడు. ఆ చొక్కాలో ఉన్నది మనవరాలని పోల్చుకోలేదు.

అడవిలో ఇంకొకడి వీపు చూసి పరుగెత్తేవాడు ఇంట్లో కూర్చోవడం మేలు. మాకు నాన్న నేర్పిన మొదటి మాట అది. టూవాకి కూడా ఆయనే నేర్పాడు.

"నిన్ను ఆటపట్టిద్దామని వచ్చానే," అన్నాడు నాన్న.

"మరి నవ్వలేదేం?"

నాన్న ఇంకో బంగాళాదుంప తీసుకుని పొట్టు తీయసాగాడు. అమ్మ భూతద్దం మాట ఎత్తుతుందేమోనని చూశాను. ఎత్తలేదు. ఎత్తినా బావుండేది.

మేం ఇక్కడికి వచ్చిన దారి నాకు గుర్తొచ్చింది. రోజంతా కారు నాన్నే నడిపాడు. వెనక కారవాన్, ఎదురుగా కలప లారీలు, వెనక సీట్లో నిద్రపోతూ టూవా.

నాన్న బంగాళాదుంప పొట్టు తీయడం ముగించి చేతులు తుడుచుకున్నాడు. కోటు జేబులోంచి కారు తాళాలు తీశాడు. వేళ్లతో తడిమి నా పళ్లెం అంచు పోల్చుకుని, దాని పక్కన పెట్టాడు.

"రేపటినుంచి నేను పరుగెత్తను," అన్నాడు మెల్లగా, అందరితో. "ఇంటికి బండి మలీన్ నడుపుతుంది. ఆ తర్వాత కూడా."