అగోసు పోసిన నేల

ముందు గంప లేచింది. దాని కింద బోడినెత్తి, తర్వాత గట్టిగా మూసుకున్న కళ్ళు, ఆ తర్వాత బుస్సుమంటూ ఊపిరి. సరస్సు అడుగునుంచి మరో గంపెడు బురద తెచ్చిన అగోసు, దాన్ని పడవలో బోర్లించి, ముక్కు చీదుకుని మళ్ళీ మునిగాడు. పనిలో తలమునకలుగా ఉన్నామని చెప్పుకునేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. ఆ మాటను పొల్లుపోకుండా బతికినవాడు ఇతనొక్కడే.

మాది నీళ్ళమీది ఊరు. ఇళ్ళు కర్రలమీద, సంత పడవలమీద, భారం దేవుడిమీద. పుట్టుకతోనే నేల విడిచి సాము చేసే జాతి. ఇక్కడ అడుగు పెట్టాలంటే ముందు సరస్సు అడుగును పైకి తెచ్చుకోవాలి. అగోసు ఇరవైరెండేళ్ళుగా తెస్తున్నాడు. తెల్లవారుజామున వలలు, పొద్దెక్కాక బురద.

అరవై దాటిన మనిషి. గంప ఒరిపిడికి నెత్తిమీద గుండ్రంగా జుట్టు మొలవడం మానేసింది. ఎడమచెవిలో ఎప్పుడో నీళ్ళు దూరాయి, ఇప్పటికీ బయటికి రాలేదు. వేళ్ళ సందులు ఎప్పుడూ తెల్లగా నాని ఉంటాయి, గోళ్ళ కింద మాత్రం నలుపు. లోకంలో అందరూ ఒకరిమీద ఒకరు బురద చల్లుకుంటుంటే, ఇతను తన బురదనంతా ఒకేచోట కుప్ప పోశాడు. ప్రార్థనశాల వెనక లేచిన ఆ దిబ్బ ఇప్పుడు నాలుగు పడవలంత పొడవు, మనిషి నిలువంత ఎత్తు.

ఆదివారం తెల్ల అంగీలు తొడుక్కుని, చెప్పుల్లేకుండా మోకరించి, నుదురు నేలకు ఆనించి ప్రార్థిస్తాం. నేల లేదు గనక పలకలకు ఆనిస్తాం. పలకల సందుల్లోంచి చేపలు మా మొహాలు చూసిపోతుంటాయి. బతికున్నన్నాళ్ళూ పలకలతో సరిపెట్టుకోవచ్చు. చచ్చాక కుదరదు. పడవలో అవతలి గట్టుకు తీసుకెళ్ళి, పరాయివాళ్ళ నేలలో పూడ్చి వస్తాం. అగోసు నాన్ననూ అలాగే పూడ్చారు. మరుసటేడు తల్లీకొడుకులు పూలు పట్టుకుని వెళ్తే, ఆ చోట మిరపతోట ఉంది.

"నన్ను మిరపకాయలకు వెయ్యొద్దురా. నాకసలే కారం పడదు," అంది తల్లి అహువేఫా, తిరుగు పడవలో. మర్నాడే అగోసు గంప అల్లుకున్నాడు.

గొయ్యి రొమ్ములోతు తవ్వినా నీళ్ళు ఊరకూడదు. అదీ లెక్క. ఏటా ఎండలు ముదిరాక తవ్వి చూసేవాడు. ఏటా నీళ్ళే పలకరించేవి. గొయ్యి పూడ్చి, మళ్ళీ గంప ఎత్తేవాడు. ఇప్పుడు తల్లికి ఎనభై ఆరు. రెండు వారాలుగా గంజి తప్ప ఏదీ దిగడంలేదు.

పడవలోని బురద దిబ్బమీద పోసి, ఈ ఏటి గొయ్యి తవ్వడానికి అగోసు పార అందుకున్నాడు. ఎండుచేపలమ్మే కోసీబా అటుగా పడవ పోనిస్తూ ఆగింది.

"ఏం బావా, దేవుడు మూడోరోజుకల్లా నేల తేల్చేశాడట. నీకు ఇరవైరెండేళ్ళా?"

"ఆయనకు మాటతో పని, నాకు గంపతో పని. పైగా ఆయనకు నీలాంటి మరదలు అడ్డం రాలేదు."

కాసేపటికి, దిబ్బకెదురుగా ఉన్న తమ ఇంటి కిటికీలోంచి తల్లి కేకేసింది. "ఒరే, నీళ్ళొచ్చాయా?"

"లేదమ్మా! ఇంకా నడుములోతే!"

"మెల్లగా తవ్వు. నేనిప్పుడే పోనులే."

రొమ్ములోతు వచ్చింది. అగోసు పిడికెడు పొడి బూడిద గొయ్యి అడుగున చల్లి, ఒడ్డున కూర్చున్నాడు. చెమ్మ తగిలితే బూడిద నల్లబడుతుంది. అతని నీడ కాళ్ళకిందనుంచి మెల్లగా పక్కకు పాకింది. బూడిద తెల్లగానే ఉంది. దిగి వేలితో తాకి చూశాడు. వేలికి పొడి అంటింది.

"అమ్మా! పొడి!"

కిటికీలో ముసలిచేతులు రెండూ పైకి లేచాయి. అగోసు గట్టెక్కి మోకరించాడు. తను పోసిన నేలకు నుదురు ఆనించాడు.

నుదురు ఆనించినవాణ్ణి మేము పిలవం, తాకం. అతనికీ దేవుడికీ మధ్య మాట నడుస్తుంటుంది. కోసీబా తెడ్డు పైకెత్తి పట్టుకుంది. సంతకు పోయే పడవలు ఒక్కొక్కటే ఆగాయి. ప్రార్థనశాల పెద్ద మాతియస్ గంట కొట్టబోయి, దాని నాలుకను గుప్పిట్లో బిగించి నిలబడ్డాడు. సంతలో గొంతు చించుకునే ఆడవాళ్ళంతా ఊపిరి బిగబట్టారు. అంతసేపు ఏం మాట్లాడుతున్నాడో! నీరు కదులుతోంది, పడవలు ఊగుతున్నాయి. అతనొక్కడే కదలకుండా ఉన్నాడు. మాలో కొందరు తలలు వంచారు.

కిటికీలోంచి గొంతు వినిపించింది.

"మాతియసూ, వాడి ప్రార్థన నాకు తెలుసు. 'అయ్యా, నేను, అగోసుని. మేలు. ఆమెన్.' అంతే. అదెప్పుడో అయిపోయింది. వెళ్ళి చూడు నాయనా."

మాతియస్ వెళ్ళి భుజం తాకాడు. చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

అహువేఫాను కుర్చీతో సహా పడవలో దింపి దిబ్బమీదికి తెచ్చారు. లేచి నిలబడి తూలింది. "ఇది ఊగదేంటి?" అంది. తర్వాత కొడుకు పక్కన కూలబడి, నుదుటి మట్టి తుడవబోయి, మానేసింది.

"నా చోటు పట్టేశావేంట్రా..."

మాతియస్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, బాబును అవతలి గట్టుకు..."

"వాడు పోసిన నేల, వాడు తవ్విన గొయ్యి. వాణ్ణే పడుకోబెట్టండి."

"మరి నీకు?"

ఆమె మా అందరినీ వరసగా చూసింది. "పక్కన ఇంకాస్త ఎత్తు చెయ్యాలి. మీ ఇళ్ళల్లో గంపలు లేవా ఏం?"

మర్నాడు తెల్ల అంగీ తొడిగి అగోసును దింపేటప్పుడు కూడా గొయ్యి అడుగున బూడిద తెల్లగానే ఉంది. ఊరంతా చేతులతోనే మట్టి వేసింది. సాయంత్రానికి కోసీబా మొదటి గంపతో మునిగింది.

దిబ్బ అంచున అతని మధ్యాహ్నం తిండి అలాగే ఉండిపోయింది, విప్పని ఆకుపొట్లంలో మొక్కజొన్న ముద్ద. ఆకు ఒక మూల చిరిగింది. ఆ చిరుగునుంచి కొత్తనేలలోని చిన్న బెజ్జంలోకి, మా ఊరు ఇంతవరకూ చూడని ఎర్రచీమల బారు, మెతుకు మెతుకూ మోసుకుపోతోంది.