కందనకాయలో రాళ్లు

పీర్ మహమ్మద్ కందనకాయను నిలువునా చీల్చి, లోపలి పసుపుపచ్చ పొరను గోటితో లాగేశాడు. దాణా ముద్ద తప్ప ఏమీ లేదు. షెడ్డులో పెరిగిన బాయిలర్ కోడికి రాయి ఎక్కడ దొరుకుతుంది? ఈ మాట స్వరూప టీచరుకు చెప్పి చెప్పి అతని నోరు నొప్పిపుట్టింది.

బడికి పోతూ ఆమె రోజూ ఆ రాళ్ల కోసం చిట్యాలలోని ఈ కోళ్ల దుకాణం ముందు ఆగుతుంది. వెనకటి కాలంలో సముద్రంలో పొడుగు మెడల జంతువులుండేవట. రాయిగా మారిన వాటి ఎముకల నడుమ, కడుపున్న చోట, నున్నటి గులకరాళ్లు దొరికాయట. కోడి కూడా అట్లాగే రాళ్లు మింగుతుందని పిల్లలకు చూపించాలట. ఎప్పుడో చచ్చినదాని కడుపులో ఏముంటే ఎవరికేమని అతనికి విసుగు. ఇంట్లో బతికున్న మనిషి కడుపులోకి మెతుకు పోవడం లేదు.

దవాఖాన నుంచి వచ్చింది మొదలు భార్య తాహేరా గంజి కూడా ముట్టలేదు. ఈ పొద్దున మాత్రం తన ఎర్రకోడి షోర్వా అయితే తాగుతానంది. ఇన్నేళ్లూ ఆ కోడి మీద కత్తి పడకుండా కాపాడింది ఆమే.

మధ్యాహ్నం ఇంటికొచ్చి కోశాడు. రోజూ చేసే పనికే చెయ్యి కాసేపు వెనకాడితే, ఆ చేతి మీదా కోపమొచ్చింది. కందనకాయ చీల్చగానే రాళ్లు రాలాయి, అరిగి నున్నబడినవి. కడిగి తాహేరాకు చూపిస్తూ టీచరమ్మ సంగతి చెప్పాడు. కోడికైతే పళ్లు లేవు. పళ్లున్న ఆ జంతువులు రాళ్లెందుకు మింగాయో, అరుగుదలకో, నీళ్లలో బరువుకో, చదువుకున్నోళ్లకే ఇంకా తేలలేదట.

తాహేరా ఒక రాయిని వేళ్ల మధ్య తిప్పింది. "తేలుతమని భయమైందేమో వాటికి."

"తినుమంటే తినవు గాని గీ ముచ్చట్లు బాగొస్తయ్ నీకు."

"పోసుకరా మరి. ఉప్పు తక్కువెయ్యి, నీ చెయ్యి మంచిది కాదు."

కొన్ని చెంచాలు తాగి, ఉప్పెక్కువైందని వంకపెట్టింది. వంక పెట్టిందంటే కుదురుకున్నట్టేనని అతనికి ప్రాణం లేచొచ్చింది. మిగతాది చల్లారినాక తాగుతానని, ఆలోపు టీచరమ్మకు రాళ్లిచ్చి రమ్మంది. రేపిస్తానన్నాడు.

"రేపు మళ్ల దుకాణం కాడ నిలవడ్తది. జర పోయిరా."

రాళ్లను కాగితంలో చుట్టుకుని బడికి పోయాడు. టీచరమ్మ సంబరపడి, పుస్తకంలో ఆ జంతువు బొమ్మ చూసిపొమ్మంది. ఇంట్లో పనుందని గొణుగుతూనే చూశాడు. ఎట్లుందని తాహేరా అడుగుతుంది కదా అని, మెడా, తెడ్లలాంటి కాళ్లూ నిదానంగా చూశాడు.

తిరిగొచ్చేసరికి ఆమె మంచం మీద పక్కకు ఒత్తిగిలి ఉంది.

"ఇంకెప్పుడు తాగుతవ్? మొత్తం చల్లగైపాయె. నాతోని కాదిగ," అని గదమాయించాడు. కోపంగానే భుజం మీద చెయ్యేశాడు. చేతి కింద ఊపిరి కదలిక లేదు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

మంచం పక్కన, షోర్వా గిన్నె మీద, ఈగలు వాలకుండా ఆమె బోర్లించిన పళ్లెం ఉంది.