తిరిగొచ్చే పళ్ళాలు

ఒక విమానం దిగి ఇంకొకటి ఎక్కడానికి మధ్య ఏడు గంటలుంది. ఆ ఏడు గంటలూ మా బావతో గడపాలి. పదకొండేళ్లుగా ఆయనతో ఒకే పొయ్యి ముందు నిలబడుతున్నవాణ్ణి, ఇదొక లెక్క కాకూడదు. కానీ వంటగదిలో మా మధ్య మంట ఉండేది, గిన్నెల చప్పుడు ఉండేది. ఇక్కడ వరసగా ఇనుప కుర్చీలు తప్ప ఏమీ లేవు.

బావ పెద్ద వంటవాడు. నేను ఆయన చేతికింద రెండోవాణ్ణి. మర్నాడు ఉదయం ఒక పెద్ద హోటల్లో ఆయనకు పరీక్ష. యజమానుల ముందు అయిదు వంటకాలు చేసి మెప్పిస్తే ఆ వంటగది ఆయనదవుతుంది. నేను ఆయన కత్తుల పెట్టెతో పాటు వెళ్తున్న సామానుని. ఆ వంటగది నాకు కావాలన్న సంగతి ఎవరితోనూ అనలేదు. మా అక్కతో అసలే అనలేదు.

"ఆకలేస్తోంది బావా."

"నీకు వెయ్యందెప్పుడు? పద. కానీ అడ్డమైన చోటా కూర్చోను."

బావ హోటళ్ళ బయట వేలాడదీసిన పట్టికలు చదవడు. ఎంగిలి పళ్ళాలు లోపలికి తీసుకెళ్ళే దారి ఎక్కడుందో చూసుకుని, ఆ మూల చేతులు కట్టుకుని నిలబడతాడు. "వడ్డించిన పళ్ళెం గొప్పలు చెబుతుంది. తిరిగొచ్చిన పళ్ళెం నిజం చెబుతుంది," అంటాడు. మా వంటగదిలో కూడా అంతే. గిన్నెలు కడిగే తొట్టి దాకా వెళ్ళి, ఎవరు ఏం వదిలేశారో చూసిగాని మర్నాటి వంట చెప్పడు.

మొదటి హోటల్ దగ్గర సగం సగం తిన్న పళ్ళాలు వెళ్తున్నాయి. పెదవి విరిచాడు. రెండోది, తలుపు పక్కన వంటకాల బొమ్మలు తగిలించినది, నేను చూపించాను. తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి వినేలా, "మా బామ్మర్దికి బొమ్మ చూస్తే కడుపు నిండిపోతుందమ్మా, వీడికో బొమ్మ ఇచ్చి పంపించు," అన్నాడు. ఆ అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వడం నాకు బాగా అలవాటైపోయింది.

మూడోది మెట్ల వెనక, మరుగుదొడ్ల పక్కన, ఆరు బల్లల హోటల్. అక్కడ తిరిగి వెళ్తున్న పళ్ళాల్లో ముళ్ళు తప్ప ఏమీ లేవు.

"ఇదీ," అన్నాడు బావ.

సూప్, చేప చెప్పాడు, ఇద్దరికీ. నన్ను అడగలేదు.

ఎనిమిది నెలలుగా ఆయన నన్ను అవమానిస్తున్న పద్ధతి ఒకటుంది. కూర ఉడుకుతుండగా అందరి ముందూ గరిట నా మూతి దగ్గర పెట్టి "నువ్వు చూడు" అంటాడు. సరిపోయిందంటే "సరిగ్గా చూడు" అంటాడు. మళ్ళీ చూస్తాను. ఉప్పు కొంచెం పడాలంటే వేస్తాడు, ఏమీ అనడు. కూరగాయలు తరిగేవాడు మాకేసి చూస్తుంటాడు. పదకొండేళ్ల తర్వాత నాకు ఇంకా ఓనమాలు దిద్దిస్తున్నాడని రాత్రుళ్ళు పళ్ళు నూరుకునేవాణ్ణి. పాముకు పాలు పోసినట్టు ఆ కోపాన్ని పెంచుకుంటూ వచ్చాను. దానికి వేళకి అన్నీ అమర్చేవాణ్ణి.

సూప్ వచ్చింది. అప్పుడే అక్క ఫోన్ చేసింది. బావ లేచి అద్దాల గోడ దాకా వెళ్ళాడు. నేను ఉప్పు డబ్బా మూత తిప్పి ఆయన గిన్నెలో నాలుగు చెంచాల ఉప్పు పోసి కలిపేశాను. ఇంత వయసొచ్చి ఆ పని చేశానని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఆయన ఎంచుకున్న చోటు ఆయన నోట్లోనే పరువు పోగొట్టుకోవాలని, ఆ పళ్ళాల సిద్ధాంతం తొట్టిలో పడాలని, అంతే.

బావ వచ్చి కూర్చున్నాడు. ఒక చెంచా తాగాడు. రెండోది తాగాడు.

"చూశావా? ఉప్పు వేలితో కొలిచినట్టుంది. నేర్చుకో."

నేను చెయ్యి చాపి నా చెంచా ఆయన గిన్నెలో ముంచాను. మా వంటగదిలో అలా చేసినవాడు సాయంత్రానికి ఉద్యోగంలో ఉండడు. నోరు మండిపోయింది. రుమాల్లో ఉమ్మేశాను.

బావ చెంచా కింద పెట్టాడు.

"ఏం కలిపావు?"

"ఉప్పు."

ఆయన మొహంలో మొదట ఏమీ కదల్లేదు. తర్వాత చెవులు ఎర్రబడ్డాయి.

"ఎప్పట్నుంచి బావా?"

"ఆ జ్వరం తర్వాత. రుచీ లేదు, వాసనా లేదు. ఎనిమిది నెలలు."

"అక్కకి తెలుసా?"

"తెలీదు. నీక్కూడా తెలీదనుకున్నా. నీకు అంత తెలివుందని ఎవరనుకున్నారు?"

అప్పుడు నాకు జాలి కలగాలి. దాని కోసం కాసేపు ఎదురు చూశాను కూడా. కలగలేదు. ఎనిమిది నెలలుగా ఆయన నన్ను పరీక్షించలేదు, నన్ను అడుక్కున్నాడు. అంటే నేను పెంచుకున్న అవమానం నాది కాదు. అక్కడ అవమానమే లేదు. నా దగ్గరున్న ఒకే ఒక్క ఆస్తిని కూడా ఈ మనిషి లాక్కున్నాడనిపించి ఒళ్ళు మండింది.

"రేపు గరిట నీకిస్తాను," అన్నాడు బావ, బల్లకేసి చూస్తూ. "ఉప్పు చాలకపోతే దగ్గు. చాలు."

"రేపటి తర్వాత? బతికినంతకాలం నీకు నాలుకగా ఉండాలా?"

"పదకొండేళ్లు చేతులిచ్చావు. నాలుక అంత బరువా?"

"అడుగుతున్నావా, చెయ్యమంటున్నావా?"

"అడగడం నాకు రాదని నీకు తెలుసురా."

చేప వచ్చింది. పెద్ద హంగేమీ లేదు. చర్మం కరకరలాడేట్టు కాల్చి, పక్కన రెండు ముక్కలు రొట్టె పెట్టారు. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. చాలా ఏళ్లుగా అలాంటిది తినలేదు. ఉప్పు ఉన్నట్టు తెలియదు, కానీ అది లేకపోతే చేప చేపలా ఉండదు.

"ఎలా ఉంది?"

పదకొండేళ్లలో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి నిజమైన ప్రశ్న అది.

"చప్పగా ఉంది. ఉప్పే లేదు," అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ మాట నాకంటే ముందే బయటికి వెళ్ళిపోయింది. బావ నా మొహంకేసి కూడా చూడలేదు. డబ్బా తీసుకుని చేప మీద ఉప్పు చల్లాడు, తిరగేసి మళ్ళీ చల్లాడు. "చాలా?" అన్నట్టు తలెత్తాడు. నేను తలూపాను. ఆయన తినడం మొదలుపెట్టాడు. వైద్యుడిచ్చిన మందు మింగుతున్నవాడిలా, ఒక్క ముక్క వదలకుండా.

ఆయన్ని చూడలేక నా పళ్ళెంలోకి తల వంచాను. ఆ తర్వాత నిజంగానే అన్నీ మర్చిపోయాను. అంత బాగుంది. ముల్లు ముల్లూ వలిచి, ఆఖరికి రొట్టెతో పళ్ళెం తుడుచుకుని తిన్నాను.

వడ్డించే అతను పళ్ళాలు తీయడానికి వచ్చాడు. బావ ఒక్క నిమిషమన్నట్టు చెయ్యెత్తి, నా పళ్ళెం తన ముందుకు లాక్కున్నాడు. తొట్టి దగ్గర చూసినట్టు చూశాడు. కడిగినట్టు మెరుస్తోంది. తర్వాత ఉప్పు డబ్బాకేసి చూశాడు. చేప వచ్చినప్పట్నుంచీ అది ఆయన మోచేతి దగ్గరే ఉంది, నా వైపు రాలేదు.

"చప్పటి తిండి నువ్విలా తినవు," అన్నాడు నెమ్మదిగా. "పదకొండేళ్లుగా చూస్తున్నాను."



ఆయన ఫోన్ తీసి పరీక్ష పెట్టిన హోటల్‌కి చేశాడు. "రేపటి పరీక్షకి రావడం లేదండీ... లేదు, ప్రయాణం బాగానే ఉంది, నాకే చేతకాదు... నాతో వస్తున్నతనా? పనిమంతుడే. నాలుక కూడా మంచిదే. కానీ అతని మాటకి నేను పూచీ పడలేను."

ఫోన్ పెట్టేశాడు. ఎదురుగా ఉన్న నీళ్ళు గడగడా తాగాడు. నా గ్లాసు కూడా తీసుకుని తాగాడు. ఇంకా కావాలని సైగ చేశాడు.

"రుచి తెలీదు గానీ," అన్నాడు మూతి తుడుచుకుంటూ, "దాహం మాత్రం బాగా తెలుస్తోందిరా."

లేచి, వెనక్కి వెళ్ళే విమానం ఎప్పుడుందో కనుక్కోవడానికి వెళ్ళిపోయాడు. విమానంలో వేసిన కత్తుల పెట్టెకి ఇచ్చిన సామాను చీటీ బల్ల మీదే వదిలేశాడు.

వడ్డించే అతను ఆయన పళ్ళెం మీద నాది పెట్టుకుని మెట్ల వెనక్కి తీసుకెళ్ళాడు. రెండింట్లోనూ ముళ్ళు తప్ప ఏమీ లేవు. ఆ మూల నిలబడి ఎవరైనా చూసి ఉంటే, ఇద్దరు మనుషులు హాయిగా భోజనం చేశారనే అనుకుని ఉంటారు.