అత్తయ్య టబ్బు

"అమ్మ టబ్బు ఎక్కడుంది?" అని మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి అడిగేసరికి నా చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. స్నానాలగదిలో, తలుపు వెనక, రోజూ ఉండేచోటే ఉందన్నాను. "ఎక్కడా కనబడదే" అంటూ వెళ్లి, మళ్లీ వచ్చి, "నువ్వే వచ్చి చూసి ఇవ్వకూడదూ?" అన్నారు. చేతులు కడుక్కుని వెళ్లి తలుపు వెనక నుంచి తీసి ఇచ్చాను. ఇన్నేళ్లయినా ఈ ఇంట్లో ఏ తలుపు వెనక ఏముందో ఆయనకి తెలియదు. సముద్రం అవతల ఉన్న ఆ పేటలో మాత్రం ఏ గుడిసెలో ఏ ముసలాయన ఉంటాడో, ఎవరికి ఏ మోకాలు నొప్పో గుక్క తిప్పుకోకుండా చెప్పగలరు.

వెటకారం కాదు. మా ఆయన మంచి మనిషి. ఏడాదికోసారి మా చర్చి నుంచి కొంతమంది మగవాళ్లు సముద్రం దాటి ఆ దేశం వెళ్లి, చేపలు పట్టుకుని బతికే ఆ పేదవాళ్ల మధ్య పది రోజులుండి, పళ్లు చూసి, మందులిచ్చి, కూలిన కప్పులు వేసి వస్తారు. ఆ యాత్రంటే ఆయనకి ప్రాణం. జ్వరమొచ్చినా ఆఫీసు మానకుండా సెలవులు దాచుకునేది దానికోసమే. ఆఖరి రోజున అక్కడి పెద్దవాళ్లని కుర్చీల్లో కూర్చోబెట్టి, వీళ్లు మోకాళ్లమీద కూర్చుని, ప్రభువు శిష్యులకి చేసినట్టు, పాట పాడుతూ కాళ్లు కడుగుతారు. దానికి అత్తయ్య టబ్బే కావాలి. లోతు తక్కువ, అంచు నున్నగా ఉంటుంది, కాళ్లకి భలేగా ఉంటుందట. ఏటా అది ఆయన బట్టలతోపాటు విమానమెక్కుతుంది. ఆ పది రోజులూ నేను అత్తయ్య ఒళ్లు తుడవడానికి బకెట్టుతో తంటాలు పడతాను.

నేను ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో నర్సుని. షుగరు వల్ల పుళ్లు మానని కాళ్లని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కడుగుతాను. ఇంటికొచ్చాక అత్తయ్యవి కడుగుతాను. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆవిడకి ఎడమవైపు పనిచేయదు. నోరు మాత్రం రెండు వైపుల పనీ చేస్తుంది. నేను కడిగేటప్పుడు ఎవరూ పాటలు పాడరు. పాడాలని కాదు, ఊరికే చెబుతున్నాను. వాళ్లమ్మని పక్క మార్చాలన్నా, కింద గుడ్డలు మార్చాలన్నా, "నాకు చేతకాదోయ్, నీకైతే అలవాటు" అంటారు మా ఆయన. పొద్దున్నే ఆవిడ పక్కన కూర్చుని ప్రార్థన చేసి, నుదుటిమీద ముద్దుపెట్టి ఆఫీసుకి వెళతారు. ఆవిడ మొహం అప్పుడు వెలిగిపోతుంది. చూడ్డానికి నాకూ బాగుంటుంది. ఆయన అటు వెళ్లగానే నేను దుప్పటి తీసి పని మొదలుపెడతాను.

పోయినేడు తిరిగొచ్చాక ఆయన చర్చిలో అందరిముందూ నిలబడి, అక్కడ జరిగింది సాక్ష్యంగా చెప్పారు. మంచంలోనే అన్నీ అయిపోతున్న ఒక ముసలాయనని తన చేతులతో కడిగి, పొడి గుడ్డలు వేసి, పక్క మార్చానని చెబుతూ మైకు ముందే ఏడ్చేశారు. చర్చంతా ఏడ్చింది. వెనక వరసలో అత్తయ్య చక్రాల కుర్చీ పట్టుకుని నేనూ ఏడ్చాను. నిజంగా గర్వంతోనే ఏడ్చాను. కళ్లు తుడుచుకుంటుంటే అప్పుడు తట్టింది, అయితే ఈయనకి చేతనవుతుందన్నమాట అని. ఆ మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. ఆ రాత్రి కూడా అత్తయ్యని నేనే పక్క మార్చాను. ఆయన అలసిపోయి పడుకున్నారు పాపం, ప్రయాణం కదా.

అక్కడి ఆడవాళ్లు చాలామంది పోయినసారి కాళ్లు ముడుచుకుని కూర్చున్నారట. పరాయి మగవాళ్లు ముట్టుకుంటే సిగ్గు కదా. పుళ్లున్నవాళ్లు కూడా చూపించలేదట. మీలో ఆడవాళ్లే లేరా అని ఒకావిడ మొహంమీదే అడిగిందట. అందుకని ఈసారి ఒక నర్సమ్మ వస్తే బాగుంటుందని పోయిన ఆదివారం పాస్టరుగారు చర్చి మెట్లమీద నిలబడి అన్నారు. అని నావైపు చూశారు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన నవ్వుతూ, "మా ఆవిడ మా ఇంటికి స్తంభం అయ్యగారూ, కదిలితే కప్పు కూలుతుంది" అన్నారు. అందరూ నవ్వారు. ప్రేమగానే అన్నారని నేనూ నవ్వాను. ఇంటికొచ్చి బీరువాలోంచి నా పాస్‌పోర్టు తీసి చూసుకున్నాను. అత్తయ్యకి జబ్బు చేయకముందు ఇద్దరం కలిసి వెళదామని చేయించుకున్నది, ఒక్క ముద్ర కూడా పడలేదు. నాకు వెళ్లాలనుంది. దేవుడి పని అని కొంత, ఆ ఆడవాళ్లు నాకోసమే కాళ్లు దాచుకుని కూర్చున్నారనిపించి కొంత. అన్నిటికంటే, ఒక్కసారైనా ఎవరూ పంపకుండా, ఎవరూ ఆపకుండా, నా ఇష్టంతో నేను ఒకచోటికి వెళ్లాలని. కానీ అడగకముందే కాదనిపించుకున్నదాన్ని, మళ్లీ ఎలా అడగాలో తెలియక వారమంతా ఊరుకున్నాను. సోమవారం టిక్కెట్లు తీస్తారు. ఇవాళ శనివారం.

టబ్బు అడిగింది రిహార్సలు కోసం. పోయినసారి పాట అయిపోయినా కాళ్లు కడగడం పూర్తికాక ఎబ్బెట్టుగా అయిందట. అందుకని సాయంత్రం పాస్టరుగారు, పళ్ల డాక్టరు, గిటారు మాస్టారు మా ఇంటికి వచ్చారు. అత్తయ్య మంచం హాల్లోనే, కిటికీ పక్కన ఉంటుంది. నేను టీ పట్టుకుని వచ్చేసరికి పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చున్నారు. మా ఆయన వేలు పాదానికి తగిలిందో లేదో, "బాబోయ్, చక్కిలిగింతలు!" అని డాక్టరుగారు ఎగిరి గంతేశారు. సగం నీళ్లు నేలపాలు. రెండోసారీ అంతే.

"ఊళ్లోవాళ్ల పళ్లు పీకేటప్పుడు లేదేం నాయనా ఈ సుకుమారం?" అంది అత్తయ్య మంచంలోంచి.

పాస్టరుగారు నవ్వు ఆపుకుని, "అమ్మా, మీరో నిమిషం కూర్చోండి" అన్నారు నాతో.

"నా కాళ్లా? వద్దండీ, పొయ్యిమీద..."

"రిహార్సలే కదోయ్, కూర్చో" అన్నారు మా ఆయన.

కూర్చున్నాను. కుడి చెప్పు విప్పి కాలు టబ్బులో పెట్టాను. రోజంతా నిలబడి నిలబడి నా మడమలు పగిలి, వేళ్లమీద కాయలు కాచి ఉంటాయి. నలుగురిలో వాటిని బయటపెట్టాలంటే చచ్చేంత సిగ్గేసింది. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి, కాచింది నేనే కదా. గిటారు మొదలైంది. ఆయన నా పాదం చేతిలోకి తీసుకున్నారు. ధ్యాసంతా ముందు పాటమీదే ఉంది. తరవాత ఆయన బొటనవేలు నా మడమ పగులు దగ్గరికొచ్చి ఆగింది.

"ఇదేంటి, ఇంతలా పగిలాయి?" అన్నారు, నాకొక్కదానికే వినబడేలా.

"ఎప్పుడూ ఇంతే."

"నాకు చెప్పలేదేం?"

ఏం చెప్పను? ఈ కాళ్లు ఆయన కళ్లముందే తిరుగుతున్నాయి, పొద్దస్తమానం. ఆయన చెయ్యి ఎంత మెత్తగా ఉందో. దోసిలితో నీళ్లు తీసి పోస్తుంటే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఛీ, రిహార్సలుకి ఏడవడమేంటి అనుకున్నాను. నొప్పి ఎక్కడుందో చూద్దామని నన్నొకళ్లు ముట్టుకుని ఎన్నేళ్లయిందో. అంతలోనే ఒళ్లు మండిపోయింది కూడా. ఇంత బాగా చేయగలిగిన మనిషి, ఇది నేర్చుకోవడానికీ చేయడానికీ సముద్రం దాటాల్సి వచ్చిందా? ఈ హాల్లోకి రావడానికి ఏం అడ్డమొచ్చింది?

పాట అయిపోయింది. "సరిగ్గా సరిపోయింది బ్రదర్, ఇక చాలు" అన్నారు పాస్టరుగారు. మా ఆయన నా కుడికాలు తువ్వాలుతో తుడిచి లేచారు. టీ చల్లారిపోతోందని నేనూ లేవబోయాను.

"ఒరేయ్," అంది అత్తయ్య, "రెండో కాలు ఎవరు కడుగుతార్రా, పక్కింటాయనా?"

అందరూ గొల్లుమన్నారు. నేను నవ్వలేదు. మళ్లీ కూర్చుని, ఎడమ చెప్పు విప్పి, ఆ కాలు టబ్బులో పెట్టాను.

"రెండోది కూడా కడగండి" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు. ఏం కనబడిందో గాని, మళ్లీ మోకాళ్లమీద కూర్చున్నారు. గిటారు మాస్టారు వాయించాలా వద్దా అని చూసి ఊరుకున్నారు.

"అయ్యగారూ, నర్సు కావాలన్నారు కదా. నేను వస్తాను."

నీళ్లలో ఆయన చేతులు ఆగిపోయాయి. "మరి అమ్మని..."

"మీరున్నారుగా."

"నాకు చేత..." అని సగంలో ఆగారు.

"చేతనవుతుంది. పోయినేడు మీరే చెప్పారు, అందరిముందూ. నేను వెనక వరసలోనే ఉన్నాను."

ఆయన తల వంచుకున్నారు. ఏడాదంతా ఎదురుచూసినదాన్ని చేతిలోంచి లాక్కున్నానని నాకూ జాలేసింది. ఆ జాలితోనే ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను. పాస్టరుగారు గొంతు సవరించుకుని, "బ్రదర్, మీరేమంటారు?" అన్నారు.

"అడగాల్సింది అత్తయ్యని అయ్యగారూ" అన్నాను.

ఆవిడ కిటికీవైపు చూసింది. ఆ మొహంలో సిగ్గు చూసి నా ధైర్యం జారిపోయింది. ఆ పేటలో ఆడవాళ్లకున్న సిగ్గే ఈవిడకీ ఉంటుంది, కొడుకైతే మాత్రం? వద్దంటే ఏం చేయను? వద్దంటే ఉండిపోతాను, ఇక జన్మలో అడగను అనుకున్నాను.

"సిగ్గుగానే ఉంటుందిరా నాకు" అంది చివరికి, కొడుకువైపు తిరిగి. "ఏం చేస్తాం. నిన్ను కడిగింది నేనే కదా, అప్పుడు నువ్వేమైనా సిగ్గుపడ్డావా? అలవాటవుతుందిలే ఇద్దరికీ. నీళ్లు మాత్రం వేడిగా ఉండాలి."

ఆయన నా ఎడమకాలు కడిగారు. నెమ్మదిగా, ఒక్కో వేలూ. తువ్వాలుతో తుడిచారు, పగుళ్ల దగ్గర అద్ది అద్ది తుడిచారు. తరవాత తల ఎత్తకుండానే అడిగారు.

"ఈ టబ్బు నీ పెట్టెలో పెట్టనా?"

"వద్దండీ, అక్కడ ఇంకోటి చూసుకుంటాను" అన్నాను. "ఇది ఇక్కడ మీకు కావాలి."