మూడోసారికి పచ్చ

తొమ్మిదేళ్ల కిందట మా బావగారు ఆఫీసులో తన బల్ల కింద ఒక కంప్యూటర్ పెట్టారు. మాలో ఎవరు కోడ్ రాసి పంపినా అది తీసుకుని, పరీక్షలన్నీ నడిపి, బాగుంటే గోడమీది తెరపై ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు చూపిస్తుంది. దాన్ని ఆఫీసులో అందరూ పెద్దాయన అంటారు. బావగారినీ అదే అంటారు. ఏ పెద్దాయన మొరాయించాడో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి.

అక్క మొగుడితో ఒకే టీమ్‌లో పనిచేయడం కత్తిమీద సాము. పైగా నా పని తప్పులు పట్టడం.

మా మేనేజర్ కొత్త సర్వర్ తెప్పించింది. "రెండూ పక్కపక్కనే రెండు వారాలు నడపండి. నమ్మకంగా ఉన్నది ఉంచుకుందాం" అంది. బావగారి పని పాతదాన్ని చూసుకోవడమే; కొత్తది నెగ్గితే ఆయనకి ఆ గదిలో పనేమీ మిగలదు. ఆ మాట ఆవిడ అనలేదు, ఆయన అడగలేదు. అక్క మాత్రం ఫోన్ చేసి, "నువ్వు కాస్త చూసుకోవే" అంది. ఏం చూసుకోను, నా మొహం.

మాది మందుల చీటీలు ముద్రించే ప్రోగ్రాం. మొదటి వారం పెద్దాయన ఒక్కసారీ ఎరుపు చూపలేదు. కొత్తది పదకొండుసార్లు చూపింది, ప్రతిసారీ ఒకే పరీక్ష దగ్గర: పిల్లల మోతాదు లెక్క. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని అందరూ నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. అదే కోడ్, అవే పరీక్షలు, తీర్పులు వేరా? పాతదాని సెట్టింగుల ఫైలు తెరిచాను. ఒక వరుస కనిపించింది: తప్పితే మళ్లీ నడుపు, మూడుసార్లు. మూడింట్లో ఒక్కసారి గట్టెక్కినా పచ్చే. ఒకసారి తప్పి ఒకసారి ఒప్పే మోతాదు లెక్క అందుకే ఇందులో దొరకలేదు. పక్కన ఎనిమిదేళ్ల నాటి తేదీ వేసి, "తాత్కాలికం. వచ్చే వారం తీసేయాలి" అని ఉంది.

"బావగారూ, ఇది మీ రాతేనా?"

ఆయన కళ్లజోడు సర్దుకుని చదివారు. "నాదేనమ్మా. అప్పట్లో నెట్‌వర్క్ తెగిపోతుండేది. మేడమ్‌కి చెప్పావా?"

"లేదు. మీరిప్పుడు తీసేస్తే ఇదీ ఎరుపు చూపిస్తుంది. రెండూ సమానమైపోతాయి. ఈ వరుస ఇన్నాళ్లూ ఉందని ఎవరికీ తెలీదు."

అక్క కోసం అన్నాను. అన్నాక సిగ్గేసింది. ఆయన ఆ వరుసను తీయలేదు. రెండో వారమంతా పెద్దాయన పచ్చగానే ఉన్నాడు. నేను బావగారి వైపు చూడటం మానేశాను.

శుక్రవారం మీటింగులో అందరూ పాతదానికే చేతులెత్తారు. బావగారు లేచి ఆ వరుసను తెరమీద పెట్టారు.

"కొత్తదే ఉంచండి. నాది పాసవలేదు, పాసయ్యేదాకా పరీక్ష రాయించాను."

"మోతాదు లెక్క ఎన్నాళ్లుగా తప్పుతోంది?" అని అడిగింది మేనేజర్.

"తెలీదు మేడమ్. తెలియకుండా చేసింది నేనే."

మీటింగు ముగిశాక బావగారు తన బల్ల కిందికి వంగి ప్లగ్గు పీకి, కుర్చీ లాక్కుంటూ నా పక్కకి వచ్చారు. "ఆ లెక్క ఎక్కడ తప్పుతోందో చూపించమ్మా" అన్నారు. నేను జరిగి చోటిచ్చాను.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "ఏమైందే?"

"పెద్దాయన పాసయ్యారు" అన్నాను.

"మెషినా, ఆయనా?"

"ఆయనే. మళ్లీ రాయించక్కర్లేదు."