నలుపు మారని తెర

ఏం కొనాలో షర్షెన్‌కి విడమరిచి చెప్పాను. మొదట తెర చూడు అన్నాను. ఎదురుగా చూసినా, పక్కనుంచి చూసినా, లేచి నిలబడి చూసినా నలుపు నలుపుగానే ఉండాలి. ఆ రకం ల్యాప్‌టాప్ పెట్టె మీద ఐపీఎస్ అని రాసి ఉంటుంది. తర్వాత ర్యామ్. పదహారు జీబీకి తగ్గకూడదు. పెద్ద ఫోటో తెరిస్తే చాలు, మన పాతది ఎలా బిగుసుకుపోయేదో చూశావుగా అన్నాను. గ్రాఫిక్స్ కార్డు గొప్పది అక్కర్లేదు. మనం దిద్దేవి కదలని ముఖాలు. షాపువాడు ఏం వాగినా వినకుండా, ఒక చీకటి ఫోటో తెరిపించి తల అటూ ఇటూ వంచి చూడమన్నాను.

"తల ఊపడం నాకు నేర్పకు. బడిలో చేరినప్పట్నుంచీ నువ్వు అన్నదానికల్లా ఊపుతూనే ఉన్నా," అన్నాడు షర్షెన్.

మేమిద్దరం ఒకే ఊరి బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళం. మా దగ్గర ఒక ఈడువాళ్ళ మధ్య ఏ మాటకీ తప్పు పట్టరు. కిర్గిజ్ కొండల్లోని మా కొచ్కోర్‌లో సమాధుల గుట్టకి పోయే దారిలో మాకు కలిసి ఒక షెడ్డు ఉంది. సమాధి రాళ్ళ మీద పోయినవాళ్ళ ముఖాలు దించుతాం. కొట్టేది మిషనే. నల్లరాయి మీద సూది పడినచోట తెల్లచుక్క వస్తుంది. పడనిచోట రాయి నల్లగా మిగిలిపోతుంది. ఎక్కడ కొట్టాలో, ఎక్కడ మానాలో దానికి చెప్పేది మేం దిద్ది ఇచ్చిన ఫోటో. తెర తప్పు చూపిస్తే ఫోటో తప్పు వస్తుంది. ఫోటో తప్పయితే రాయీ అంతే.

జనం తెచ్చేవి ఎక్కువగా పాస్‌పోర్టు ఫోటోలు. ముఖమంతా వెలుగే కాబట్టి ఏ తెర మీద దిద్దినా నడిచిపోతాయి. కోటు లేనివాడికి కోటు తొడుగుతాం. తాగి ఉబ్బిన చెంపలు కాస్త లోపలికి నొక్కుతాం. తల్లిని పెళ్ళికూతుర్ని చేసి పెట్టమనే కొడుకులు కూడా వస్తారు.

నా భార్య అనార్‌ఖాన్ పాస్‌పోర్టులో ఉన్నది ఎవరో భయపడ్డ ఆడమనిషి. దాన్ని రాయి మీద పెట్టనన్నాను. కెమెరా కనిపిస్తే ముఖం తిప్పుకునే మనిషి ఆమె. నాకు పనికొచ్చే ఫోటో ఒక్కటే దొరికింది. ఎవరిదో పెళ్ళిలో నూనె కాగు ముందు కూర్చుని బోర్సోక్ పిండిముక్కలు వేపుతుంటే చుట్టాలమ్మాయి ఫోన్‌తో తీసింది. తలగుడ్డ నుదుటి మీదికి జారి ముఖం మీద నీడ పడింది. ఆ నీడలో కళ్ళున్నాయి. ఎవరినో తిట్టబోతూ నవ్వు వచ్చిన కళ్ళు. అనార్‌ఖాన్ అంటే అదే. జాగ్రత్తగా పైకి తెస్తే ఆ కళ్ళు వస్తాయని పాత ల్యాప్‌టాప్ మీద చూసుకున్నాను. పని మొదలయ్యేలోపే అది చచ్చింది. ఆమె పోయి ఏడాది నిండుతోంది. ఏడాది విందు నాటికి రాయి నిలబెట్టాలి.

షర్షెన్ రాజధాని బిష్కెక్ వెళ్ళి వచ్చాడు. వాడు తెచ్చినది బండరాయంత బరువుంది. మూత తీస్తే అక్షరాల కింద ఎర్రదీపాలు, నీలం దీపాలు వెలిగాయి. సమాధులు చేస్తున్నామా, సర్కస్ పెడుతున్నామా అని అడిగాను. పోయినవాళ్ళకి మాత్రం సరదా ఉండదా అన్నాడు.

ఫోటో ఎక్కించి తెరిచాను. నిటారుగా కూర్చుంటే అనార్‌ఖాన్ కళ్ళు కనిపించాయి. కొంచెం కిందికి జారి కూర్చుంటే నల్లగా మునిగిపోయాయి. లేచి నిలబడితే నీడంతా బూడిదలా తెల్లబడి, కళ్ళు ఉడికిన చేప కళ్ళలా తేలాయి. నా తల కదిలినప్పుడల్లా ఆమె కళ్ళు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఏది నిజమో ఈ తెర మీద ఎవడూ చెప్పలేడు.

షాపులో తల వంచి చూశావా అని అడిగాను. కార్డు చాలా బలమైనదట, ర్యామ్ నేను చెప్పినదానికి రెండింతలట, ఫోటోలకి ఇంతకంటే మంచిది లేదని షాపువాడు ఒట్టేశాడట. నేను అడిగింది తెర గురించి అన్నాను. వాడు గుమ్మం వైపు చూశాడు. తిరిగి ఇచ్చేయమంటే, పెట్టె విప్పాక తీసుకోరన్నాడు.

ఆమె ఫోటో నేనే ఎక్కడికైనా తీసుకుపోయి దిద్దుకునేవాణ్ణి. కానీ మా పనిలో సొంత మనిషి ముఖం సొంతవాడు చేయడు. మాకు పని నేర్పిన ముసలి మేస్త్రీ పెట్టిన పట్టింపు అది. మన ఇంటి మనిషి ముఖం మీద సూది మన చేతి మీదుగా పడకూడదు. షర్షెన్ తండ్రిని నేను చేశాను. అనార్‌ఖాన్‌ని వాడు చేయాలి. ఆ మాట వాడికీ తెలుసు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అనార్‌ఖాన్ ఫోటో దీని మీద ముట్టను. బజార్లో స్టూడియోవాడి దగ్గర మంచి స్క్రీన్ ఉందిగా, అక్కడ కూర్చుని దిద్దుతా. మా నాన్నని నువ్వు ఎలా చేశావో నేను మర్చిపోలేదురా."

నమ్మాను. తర్వాత ఎప్పుడు అడిగినా స్టూడియోలోనే చేస్తున్నానన్నాడు. ఒకసారి, అయిపోయింది, ఇక మిషన్ ఎక్కించడమే అన్నాడు.

విందు వారంలో పడింది. విందుకి కోయాల్సిన గుర్రం ఇంటికొచ్చింది. రాయి అయిందని షర్షెన్ కబురు పంపితే షెడ్డుకి వెళ్ళాను. వాడు టీ తాగడానికి పోయినట్టున్నాడు. రాయి గోడకి ఆనించి ఉంది. దుమ్ము మీద తడిగుడ్డ వేసి తుడిచాను. తలగుడ్డ మడతలు బాగా వచ్చాయి. చెంప వచ్చింది. పెదవి మూల నవ్వు వచ్చింది. కళ్ళు ఉండాల్సినచోట రెండు నల్లటి గుంటలున్నాయి. వేలితో తడిమి చూశాను. నున్నగా ఉంది. అక్కడ సూది ఒక్క దెబ్బ కూడా వేయలేదు.

బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. అందులో ఎవరిదో పెళ్ళి నడుస్తోంది. పెళ్ళికూతురు నవ్వుతోంది, పైన పూలు రాలుతున్నాయి, ఆ పూలు షర్షెన్ అతికించినవి. వీడియోలు కత్తిరించడానికి కార్డు బలంగా ఉండాలి. ఇద్దరం కలిసి పెట్టిన డబ్బుతో వాడు తన కొత్త వ్యాపారానికి సామాను కొనుక్కున్నాడు.

బజారుకి పోయి స్టూడియోవాణ్ణి అడిగాను. షర్షెన్ అసలు ఇటు రాలేదే అన్నాడు.

నేను షెడ్డుకి తిరిగి వచ్చేసరికి వాడు రాయి ముందు నిలబడి ఉన్నాడు. ఎన్నాళ్ళురా ఈ రాతిదుమ్ము మింగడం అన్నాడు. పెళ్ళిళ్ళలో కడుపునిండా పెడతారు, మనుషులు నవ్వుతారు, నిన్నూ కలుపుకుందామనే అనుకున్నా, నువ్వు ఏడుపులో ఉన్నావని చెప్పలేదు అన్నాడు. పెళ్ళివాళ్ళు తొందరపెడితే స్టూడియోకి పోవడం కుదరలేదట.

"కనిపించాయిరా. అబద్ధం కాదు. నిటారుగా కూర్చుంటే కళ్ళు రెండూ కనిపించాయి."

"పెళ్ళికూతురు కళ్ళు ఎలా ఉన్నాయి?" అన్నాను.

 వాడు, రాయి మొహం అరగదీసి మళ్ళీ మెరుగు పెడతానన్నాడు. రెండు రోజులు చాలు, స్టూడియోలోనే దిద్దుతా, కావాలంటే నువ్వు పక్కన కూర్చో అన్నాడు. చేయగలడు. విందుకి ఇంకా టైముంది. గ్రైండర్ తీగ చేతిలోకి తీసుకున్నాడు కూడా. నేను దాన్ని గోడలోంచి లాగేశాను.

"ఇది ఇలాగే నిలబడుతుంది. నువ్వు చేసింది నువ్వు చూడు. నీ కొడుకులు చూడాలి. ఆ గుట్ట ఎక్కినవాళ్ళందరూ చూడాలి."

"నామీద కోపం ఆమె మీద తీర్చుకుంటావా?"

జవాబు చెప్పాల్సినంత మనిషి కాడనిపించింది. లారీవాణ్ణి పిలిచి రాయి ఎక్కించాను.

షర్షెన్ మా అత్త దగ్గరికి పోయి ఏడ్చినట్టున్నాడు. మర్నాడు ఆవిడ నా గుమ్మంలోకి వచ్చింది. టీ పోస్తే ముట్టుకోలేదు. కూతురి పెళ్ళప్పట్నుంచీ నన్ను ఒక్క మాటా అనని మనిషి.

"అల్లుడూ, వాడు దొంగే. కాదని నేనన్నానా? వాణ్ణి గుమ్మం ఎక్కనీకు. మాట్లాడకు. కానీ ముందు నా పిల్లకి కళ్ళు పెట్టనీ."

వాడి చేత్తో వద్దన్నాను. పోనీ ఇంకో ఊరివాడి చేత చేయిద్దామంది. నా చేతి గాజులు తీసుకో అంది. వద్దన్నాను. రాయి బాగైపోతే వాడు చేసింది ఎవరికి గుర్తుంటుంది? పదిరోజుల్లో నాతో టీ తాగుతూ నవ్వుతాడు. అనార్‌ఖాన్ విషయంలో ఎవడూ తేలిగ్గా బయటపడడు. అదే చెప్పాను.

"నువ్వు వాణ్ణి చూస్తున్నావయ్యా. దాన్ని చూడట్లేదు," అని లేచి వెళ్ళిపోయింది.

విందు రోజు పొద్దున్నే అందరం గుట్ట ఎక్కాం. ఊరి ముల్లా, మా మోల్దో, ఖురాన్ చదివాడు. చేతులు ముఖాలకి తాకించుకున్నాక జనం తలలెత్తి రాయి చూశారు.  ఒక ముసలాయన నా పక్కకి జరిగి, ఎవరు చేశారని మెల్లగా అడిగాడు. షర్షెన్ అన్నాను, అందరికీ వినపడేట్టు. అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ చెప్పాను. షర్షెన్ వెనక వరసలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఈమధ్యే తల్లిని పూడ్చుకున్న ఒకాయన, మా అమ్మ రాయి నారిన్ పట్నంలో చేయిస్తానని నాతో అన్నాడు. షర్షెన్ విన్నాడు. టోపీ పెట్టుకుని గుట్ట దిగిపోయాడు.

మగవాళ్ళు కార్ల వైపు నడిచాక మా అత్త రాయి దగ్గరికి వచ్చింది. భుజాల మీద ఉన్న శాలువా తీసి, కూతురి ముఖానికి అడ్డంగా కప్పి, కొనలు వెనక ముడివేసింది. ముడి పడడానికి చాలాసేపు పట్టింది. నేను ఆగాను.

తర్వాత ఆ ముడి విప్పాను. పై ఊళ్ళవాళ్ళు ఇంకా రావాల్సి ఉంది. శాలువా మడిచి ఆవిడకి ఇవ్వబోయాను. ఆవిడ తీసుకోలేదు. వెనక్కి తిరిగి ఒంటరిగా కిందికి నడిచింది.