పై సగం గోడ

మల్లీశ్వరి కుట్టుమిషను పెట్టుకున్న ముందుగది గోడ ఆ వానాకాలంలో రాలడం మొదలుపెట్టింది. మామ కట్టించిన రాతి ఇల్లు అది. గోడల మీద యాభై ఏళ్ల నాటి సున్నపు గిలాబు పూత. నిరుడు ఒకతను పగుళ్లలో సిమెంటు పూసి వెళ్లాడు. ఒక్క వానకే ఆ సిమెంటు అట్టలా లేచి, పక్కనున్న పాత సున్నాన్ని కూడా పట్టుకుని ఊడింది. కుట్టడానికి ఇచ్చిన బట్టల మీద రోజూ తెల్లటి పొడి. ఒక పెళ్లికూతురి జాకెట్టును రెండుసార్లు దులపాల్సి వచ్చాక, ఆమె దశరథం మేస్త్రికి కబురు పంపింది. చౌటుప్పల్ చుట్టుపక్కల పాత ఇళ్ల పనికి ఆయనదే పేరు.

దశరథం తన భార్య నాగరాణితో కలిసి వచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఆయనకు సున్నం, ఇసుక మాలు కలిపి అందించేది ఆమే. ఆయన వేళ్ల కణుపులతో గోడంతా కొట్టి చూసి, బోలుగా మోగిన చోటల్లా బొగ్గుతో గీత గీశాడు. పక్కకు చూడాలంటే మెడ తిరగదు, మనిషి మొత్తం తిరిగేవాడు.

“సిమెంటు వద్దు చెల్లె. రాతిల ఉన్న చెమ్మ బయటికి రావాలె. సిమెంటు పెడితే అది ఎటు పోతది? గిట్లనే తన్నుకొని లేస్తది. సున్నం, సన్న ఇసుకనే పెడుదం. గానీ ఒక్క మాట. పని అయ్యేదాంక తలుపేసుకుంటం. దుమ్ము లేస్తది.”

మల్లీశ్వరి మిషను వంటింట్లోకి జరుపుకుంది.

రెండో రోజు మధ్యాహ్నం రెండు చేతుల్లో చాయ గ్లాసులతో వెళ్లి, మోచేత్తో తలుపు నెట్టింది. దశరథం పీట మీద కూర్చుని గోడ కింది భాగానికి సున్నం పెడుతున్నాడు. రెండు డ్రమ్ముల మీద వేసిన పలక ఎక్కి, కొంగు నడుముకు చెక్కి, నాగరాణి తాపీతో పై భాగం సాపు చేస్తోంది. చెయ్యి ఎక్కడా తడబడడం లేదు. మల్లీశ్వరిని చూడగానే ఆగిపోయింది.

దశరథమే చెయ్యి లేపి చూపించాడు. అది భుజం దాకా వచ్చి నిలిచిపోయింది.

“ఈడికే లేస్తది చెల్లె. పుట్టినకాంచి ఆ ఫ్లోరైడు బోరు నీళ్లే తాగినం. ఇప్పుడు కృష్ణ నీళ్లు వస్తున్నయి గానీ, ఎముకలల్ల దిగింది పోతదా? మూడేండ్లాయె. బయట తెలిస్తే పనెవలిస్తరు? నన్ను జూసి అయ్యో అంటరు, దీన్ని జూసి నవ్వుతరు.”

మల్లీశ్వరి గోడను కింది నుంచి పైదాకా చూసింది. ఒక చెయ్యి ఆగి ఇంకో చెయ్యి మొదలైన చోటు ఎంత వెతికినా కనబడలేదు.

“చాయ చల్లారుతాంది, తాగుండ్రి,” అంది. “నేనెవ్వలకు జెప్పనన్నా. ఫికర్ జెయ్యకు.”

నాలుగో రోజు పని అయిపోయింది. ఎదురింటి గురవయ్య వచ్చి గోడను చూసి మురిసిపోయాడు. “ఏం చెయ్యి మేస్త్రీ నీది! అద్దం లెక్క తీసినవ్. మా వంటింటి గోడకు ఎప్పుడొస్తవ్?”

నాగరాణి వాకిట్లో తట్టలు కడుగుతోంది. దశరథం మెల్లగా మొత్తం మనిషి తిరిగి ఆమె వైపు చూశాడు.

“కింది సగమే నాది గురవయ్యా. పై సగం మా నాగరాణి పెట్టింది. మూడేండ్ల సంది పైపనంతా ఆమెదే.”

“ఆడమనిషా?” గురవయ్య నవ్వబోయి ఆపుకున్నాడు. “సరే, ఇంట్ల అడిగి చెప్త.” అంటూ వెళ్లిపోయాడు.

“ఎందుకు జెప్పినవ్? వచ్చిన పని పాయె గదా!” నాగరాణి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఆయన నా చెయ్యిని మెచ్చుకుంటాంటే నువ్వు తట్టలు కడుగుతున్నవ్. సూడలేకపోయిన,” అన్నాడు దశరథం.

గురవయ్య మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మల్లీశ్వరికి మనసు ఊరుకోలేదు. దశరథమే చెప్పాక ఇక దాచాల్సిన పని లేదని, జాకెట్టు కొలతలకు వచ్చిన ప్రతి ఆడమనిషినీ గోడ ముందు నిలబెట్టి, ఎవరు పెట్టారో చెప్పింది. కొందరు నమ్మలేదు. ఒకామె గోడను తడిమి తడిమి చూసింది.

పని అయిన ఎనిమిదో రోజు గురవయ్య భార్య బక్కమ్మ వచ్చింది. కుట్టడానికి ఏమీ తేలేదు. గోడను చాలాసేపు చూసి, “మా ఆయన ఏదో అంటడు గానీ, వంటింట్ల పొద్దందాక ఉండేది నేను గదా. ఆమె నంబరియ్యి,” అంది.

బక్కమ్మ వంటింటి పని అయిదు రోజులు పట్టింది. గురవయ్య మొదటి రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగాడు. మూడో రోజు పలక కదులుతుంటే తనే వచ్చి పట్టుకున్నాడు.

ఎండాకాలం వచ్చేసరికి మోత్కూర్ నుంచి కూడా ఫోన్లు మొదలయ్యాయి. “మేస్త్రి ఉన్నడా?” అని అడిగితే, “ఉన్నది. ఇస్త, ఆగు,” అనేవాడు దశరథం. నాగరాణి చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని ఫోను అందుకునేది.